క్షేత్రకార్యపు నోటుపుస్తకము

సంఘసేవకు దయ యొక్కటి యున్నఁ జాలునని తలఁచువారు మనలోఁ బెక్కురు. కాని దయకును శిక్షణము కావలెనను విశ్వాసముతోనే 1936లో బొంబాయి నగరమున సర్ దొరాబ్జీ టాటా పేర నొక విద్యాలయము వెలసినది. ఇంటరు ముగించి, బంధువులు "ఆ చదువుకు ఉద్యోగమేమిటి?" అని యడుగుచుండఁగనే బి.ఎస్.డబ్ల్యు. అను సంఘసేవా పట్టభద్ర విద్యలోఁ జేరిన విద్యార్థినిని జూచినప్పుడెల్ల నా మనస్సున గౌరవము పొంగును.

తరగతిలోఁ జదువు సమాజశాస్త్ర మనశ్శాస్త్రము లొక యెత్తు. బస్తీలకును, ఆసుపత్రులకును బోయి చేయు క్షేత్రకార్యము వేఱొక యెత్తు. వితంతు పింఛను నిలిచిపోయిన యొక ముదుసలి గడపకడఁ గూర్చుండి, ఆధారు కార్డులో నొక పేరును, బ్యాంకు పుస్తకములో వేఱొక పేరును ఉండుట గమనించియు, తానే చేసిపెట్టెదనని తొందరపడక, "అవ్వా, ఆఫీసుకు ఇద్దరం పోదాం. అడగాల్సిన మాట నువ్వే అడుగుతావా?" అని యా బాలిక యడుగుటలో నెంత విద్య యిమిడియున్నది! ఎదుటివారి నిర్ణయాధికారమును గౌరవింపుమని గ్రంథములు బోధించు సూత్ర మచట రెండు వాక్యములై పలికినది.

ఆ రాత్రి యా విద్యార్థిని నోటుపుస్తకమున అవ్వ యన్నమాట, తానన్నమాట, అప్పటి తన మనఃస్థితి, సర్వమును వరుసగా వ్రాయును. ఈ యాత్మపరిశీలనము నే నన్నిటికంటె మిన్నగా నెన్నుదును. ఆ పుటలు చదివిన క్షేత్రకార్య పర్యవేక్షకురాలు ప్రక్కన ఎఱ్ఱసిరాతో వ్రాసినది: "ఆమె మౌనముగా నున్నప్పుడు నీవేల మాటలాడితివి?"

మఱుసటి వారము విద్యార్థిని గడపకడ మౌనముగాఁ గూర్చుండెను. చాలసేపటికి అవ్వ తన కొడుకు మాట యెత్తినది.