బాతులను శిఖం వైపు దించాలి

వరికోతలు ముగిశాక కోస్తా జిల్లాల నుంచి బాతుల మందలు తెలంగాణ మాగాణుల్లోకి వస్తాయి. రాలిన గింజలు, నత్తలు, పురుగులు ఏరుకుతింటూ ఒక చెరువు కింది పొలాల నుంచి మరో చెరువు కిందికి సాగుతాయి. వందల పక్షులను ఇద్దరు ముగ్గురు మనుషులు పొడవాటి కర్రలతో, నోటి పిలుపుతో నడిపిస్తారు. చూసేవాళ్లకు ఇది తేలికపని అనిపిస్తుంది. కానీ జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఇంటి దగ్గర నాలుగైదు బాతులు పెంచుకుంటూ, చెరువుకు వదిలితే ఏమవుతాయోనని వెనకాడేవారికి ఆ కాపరుల విద్యే సరైన పాఠం. బాతుకు ఈత నేర్పనక్కర్లేదు. ఎక్కడ, ఎప్పుడు దిగాలన్నది మాత్రం గట్టు మీది మనిషే తేల్చాలి. నీళ్లలో దానికి వచ్చే ఆపదల్లో చాలావాటికి అడ్డుకట్ట అక్కడే పడుతుంది.

మన చెరువుల నిర్మాణాన్ని చూస్తే ఈ మాట స్పష్టమవుతుంది. కాకతి గణపతిదేవుడి సోదరి మైలాంబ 13వ శతాబ్దంలో తవ్వించిన బయ్యారం చెరువైనా, భూపాలపల్లి జిల్లాలోని గణపురం చెరువైనా, మామూలు ఊరి చెరువైనా తీరు ఒకటే: వాలుకు అడ్డంగా కట్ట, ఎగువన మెల్లగా మెరకెక్కే శిఖం. లోతంతా కట్ట దగ్గరే. తూము ఉండేది అక్కడే. నిండిన చెరువు పొంగిపోయే మత్తడి కూడా కట్టనానుకునే ఉంటుంది. తూము తెరిచినప్పుడు లోపలికి లాగే నీరు, మత్తడి దూకేటప్పటి ఉరవడి బలమైన బాతుకైనా ప్రమాదమే. పైగా ఊరబాతు మునిగి వేటాడే పక్షి కాదు. తల ముంచి, తోక పైకెత్తి, మెడ అందినంత లోతులోనే మేత వెతుక్కుంటుంది. దాని తిండి శిఖం వైపు పల్చటి నీళ్లలోనే ఉంది, దాని క్షేమమూ అక్కడే ఉంది. అలసిన పక్షి నడిచి ఒడ్డెక్కగల వాలు కూడా అటువైపే దొరుకుతుంది. నిట్టనిలువు అంచులున్న క్వారీ గుంటల్లో, వ్యవసాయ బావుల్లో ఈ వీలు లేదు. నీళ్లు ఎంత తేటగా ఉన్నా వాటిలోకి వదలకూడదు.

వేళ సంగతి బాతుపిల్లల దగ్గర మొదలవుతుంది. మన ఊళ్లలో బాతు గుడ్లను తరచూ కోడి కింద పొదిగిస్తారు. 28 రోజులకు పిల్లలొస్తాయి. తల్లి బాతు రెక్కల కింద పెరిగిన పిల్ల నూగుకు నీరు అంత తేలిగ్గా అంటదు. కోడి పొదిగిన పిల్లకు ఆ రక్షణ కొరవడుతుంది. తోక మొదట్లోని నూనె గ్రంథి పూర్తిగా పనిలోకి రావడానికి, ఈకలు రావడానికి వారాలు పడుతుంది. అంతకుముందే చెరువులో వదిలితే తడిసి ముద్దయి, చలికి కొంకర్లు పోయి చనిపోతుంది. కొరమీను, ముంగిస, గద్ద కూడా చిన్న బాతుపిల్లల కోసమే ఎక్కువ కాచుకుని ఉంటాయి. అందుకని ఆరేడు వారాల దాకా తొట్టి నీళ్లే చాలు. పెద్ద బాతులు ఎక్కువగా తెల్లవారుజామున గుడ్లు పెడతాయి కాబట్టి కాపరులు పొద్దెక్కాకే దడి తీస్తారు. దీనివల్ల గుడ్లూ దక్కుతాయి, రాత్రి తిరిగే అడవిపిల్లులూ నక్కలూ తప్పుకుంటాయి. పుట్టిన కొద్ది గంటల్లో ఎవరి వెంట నడిస్తే వారికే మాలిమి కావడం బాతుపిల్లల సహజ గుణం. దానికి రోజూ సాయంత్రం ఒకే పిలుపు, ఒకే చోట గుప్పెడు నూకలు తోడైతే మంద తనంతట తానే ఒడ్డుకు వస్తుంది. ఈ పిలుపు అలవాటు కాని బాతును చెరువుకు వదలడం నా దృష్టిలో దాన్ని వదులుకోవడమే.

ఎండాకాలం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చెరువు అడుగంటి, చేపలు చచ్చి కుళ్లిన బురదలో బొటులిజం విషం పుడుతుంది. ఆ కళేబరాల మీది పురుగులను తిన్న బాతుకు మెడ వాలిపోతుంది. తల నిలపలేక లోతులేని నీళ్లలోనే మునిగి చస్తుంది. మిర్చి, పత్తి చేలకు మందు కొట్టిన పంపులు కడిగే రేవులూ, గుళికలు చల్లిన వరిమడులూ అంతే ప్రమాదం.

చేపపిల్లలను బాతులు తినేస్తాయని మత్స్యకారులు అభ్యంతరం చెబుతారు. 2016లో రాష్ట్ర ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా చేపపిల్లలు వదలడం మొదలుపెట్టాక ఈ తగువుకు బలం పెరిగింది. అది న్యాయమైన మాటే. చేపపిల్లలు వదిలాక కొన్ని వారాలు బాతులను ఆపాల్సిందే. ఆ తర్వాత బాతు రెట్ట చెరువుకు ఎరువు. చేపలు–బాతులు కలిపి పెంచే పద్ధతిలో హెక్టారుకు 200 నుంచి 300 బాతులను సిఫార్సు చేస్తారు. మత్స్యకారుల సంఘంతో ముందే మాట్లాడుకుంటే ఇంకో మేలు ఉంది: వలలు ఎక్కడ కట్టారో తెలుస్తుంది. కనిపించని నైలాను వలలో కాళ్లు చిక్కిన బాతు నిమిషాల్లో ఊపిరాడక పోతుంది.

ఇక బర్డ్ ఫ్లూ. దీనికి కాపరుల సంప్రదాయంలో జవాబు లేదని ఒప్పుకోవాలి. బాతు జబ్బు కనబడకుండానే వైరస్‌ను మోయగలదు. 2004లో థాయ్‌లాండ్‌లో పొలాల వెంట తిరిగే బాతుల మందలకూ హెచ్‌5ఎన్‌1 వ్యాప్తికీ సంబంధం ఉన్నట్టు పరిశోధకులు చూపారు. 2024లో నెల్లూరు, 2025లో గోదావరి జిల్లాలు ఆ జబ్బును చూశాయి. అయితే ఇందుకోసం ఏడాదంతా బాతుల్ని గంపల కింద మూయనక్కర్లేదు. వలస బాతులు దిగే చలికాలంలో అవి వాలిన చెరువుకు వదలకుండా ఇంటి కుంటలో తిప్పాలి; బయటి మందతో కలవనీయకూడదు. పక్షులు ఉన్నట్టుండి చస్తే మిగిలినవాటిని అమ్మకుండా, తరలించకుండా, చచ్చినవాటిని ఒట్టి చేతులతో తాకకుండా అదే రోజు పశువైద్యశాలకు కబురు చేయాలి.