ముంపు ఊళ్ల నుంచి రాజ్యాంగం

మా నాయకుల ఉపన్యాసాల్లో రాజ్యాంగం 25వ అధికరణతో మొదలై 30తో ముగుస్తుంది. మసీదు, మదరసా, పర్సనల్ లా. ఇవి వద్దని మేం అనడం లేదు. 1992 డిసెంబర్ 6 చూసినవాళ్లం, ఎలా అంటాం? కానీ ముస్లిం నమాజు వరుసలో ఉన్నప్పుడే ముస్లిమా? కూలి అడ్డాలో, పడవ రేవులో నిలబడ్డప్పుడు ఎవరు?

కొల్లాపూర్ దగ్గరి సోమశిలకు రండి. షికారుకు వచ్చినవాళ్లు మురిసిపోయే ఆ కృష్ణ నీళ్ల కింద జనం ఊళ్లున్నాయి. శ్రీశైలం జలాశయం కోసం 1981లో ఉమ్మడి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సుమారు వంద గ్రామాలు ఖాళీ చేయించారు. 27 వేలకు పైగా కుటుంబాలు చెట్టుకొకటి పుట్టకొకటి అయ్యాయి. సోమశిల పాత గుడుల్ని మాత్రం విప్పి, ఎత్తైన చోట మళ్లీ కట్టారు. మంచి పనే. రాళ్ల మీద చూపిన ఆ శ్రద్ధ మనుషుల మీద ఏదీ?

అప్పుడు నడిచింది 1894 నాటి తెల్లదొరల భూసేకరణ చట్టం. భూమికీ ఇంటికీ అది వెల కట్టింది. పునరావాసం హక్కని చెప్పలేదు. కూలిపనికి, వలకి, దూదేకే వింటికి వెలే లేదు. ఆస్తిహక్కు 44వ సవరణతో 1979 జూన్‌లోనే ప్రాథమిక హక్కుల్లోంచి పోయింది. అదే సవరణ మైనారిటీ విద్యాసంస్థల ఆస్తికి 30(1ఎ) కింద రక్షణ ఇచ్చింది. సంస్థ ఉన్నవాళ్లకు అది అండ. గుడిసె తప్ప ఏమీ లేని దూదేకుల కుటుంబానికి? పక్కనున్న మాదిగ కుటుంబానికి ఎంత రక్షణో దానికీ అంతే.

జీవించే హక్కులో జీవనోపాధి భాగమని సుప్రీంకోర్టు 1985లో, బొంబాయి పేవ్‌మెంట్ వాసుల కేసులో చెప్పింది. చెప్పి, వానాకాలం వెళ్లాక గుడిసెలు తీసేయొచ్చంది. 1986లో జి.ఓ. 98 నిర్వాసితులకు ఇంటికో ఉద్యోగమంది. దానికోసం ఎదురుచూస్తూనే ఎందరో ముసలివాళ్లైపోయారు. పునరావాసం భూసేకరణ చట్టంలోకి ఎక్కింది 2013లో!

అందుకని రాజ్యాంగం బూటకమందామా? వద్దు. బూటకమని పారేసినా, పట్టుగుడ్డలో చుట్టి గూట్లో పెట్టినా పాలకులకు సుఖమే. సామాజిక, ఆర్థిక అసమానతలు ఇలాగే ఉంటే ప్రజాస్వామ్య సౌధం నిలవదని 1949 నవంబర్ 25నే అంబేద్కర్ హెచ్చరించాడు.

మేం ఇక 14 నుంచి, 21 నుంచి చదవడం మొదలుపెట్టాలి. 25 దాకా వచ్చేసరికి మునిగిన ఊళ్ల జనమంతా మా పక్కన ఉంటారు. అప్పుడు మా మసీదు గురించి మేం ఒక్కళ్లమే మాట్లాడాల్సిన అవసరం రాదు.