దొర లేని దీవి

ఎగ్ దీవీ, నీ రేవులో దిగినవాళ్ళకు ముందుగా దొరికేది తీరిక. స్కాట్లాండ్ ఒడ్డున ఉన్న మాలైగ్ నుంచి వచ్చిన ఫెర్రీ మనుషుల్నీ మూటల్నీ దించేసి తన దారిన వెళ్ళిపోతుంది. చుట్టపుచూపుగా వచ్చేవాళ్ళ కార్లను నువ్వు గట్టెక్కనివ్వవు. ఎంత మంచి పని చేశావు! వీపున గుడారం, కాళ్ళకు బూట్లు, ఇక నడకే.

నీ నెత్తిన స్గూర్ కొండ. ఎత్తు 393 మీటర్లే, కానీ దాని పుట్టుక చూడాలి. దాదాపు 5 కోట్ల 80 లక్షల ఏళ్ళ కిందట అగ్నిపర్వతం కక్కిన లావా ఒక లోయలోకి పారి గడ్డకట్టింది. చుట్టూ ఉన్న మెత్తని రాళ్ళు అరిగి కొట్టుకుపోయాయి. లోయను నింపిన నల్లరాయి మాత్రం మొండిగా నిలబడింది. లోయే కొండై కూర్చుంది! ఆ కొండ కింద నడుం వాల్చినవాడు గడియారం చూసుకోవడమేమిటి, నవ్విపోరూ?

పడమటి ఒడ్డున, క్లీడేల్ ఊరు దాటాక, నీ పాడే ఇసుక. తెల్లని క్వార్ట్‌జ్ రేణువులు. పొడిగా ఉన్నచోట మడమ ఈడ్చి నడిస్తే కీచుమంటాయి, తడిశాయా, మూగనోమే. భూగర్భ శాస్త్రవేత్త హ్యూ మిల్లర్ 1844లో వచ్చినప్పుడు ఆ సవ్వడికి మురిసిపోయాడు. నా చెవికి మాత్రం అది కొత్త చెప్పుల కిర్రు. అయినా పిల్లాడిలా అటూ ఇటూ కాళ్ళీడుస్తూ తిరిగాను.

జూన్‌లో రాత్రి పది దాటినా నీకు చీకటి పడదు. లైగ్ తీరాన ఇసుక మీద సన్నటి నీటిపొర, అందులో తలకిందులుగా ఎదుటి రమ్ దీవి కొండలు. స్టవ్ మీద టీ మరుగుతుంటుంది. గాలి వీస్తే గుడారానికి భయం, గాలి ఆగితే మనకు భయం: మిడ్జ్‌లు, ఆ నుసి పురుగులు, దండుగా వచ్చి పడతాయి.

నీ కథ అంతా ఇంత హాయి కాదు. 1577లో ఒక గుహలో దాక్కున్న మెక్‌డొనాల్డ్ వంశం వాళ్ళను, పిల్లాపాపలతో సహా, శత్రువులు పొగబెట్టి చంపారని చెబుతారు. తర్వాత తరతరాలూ నువ్వు దొరల ఆస్తివి, ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి. 1997 జూన్‌లో నీ జనమే చందాలు పోగుచేసి, ట్రస్టు పెట్టి, నిన్ను కొనుక్కున్నారు. 2008 నుంచి నీరు, గాలి, ఎండ కలిపి సొంత కరెంటు తీస్తున్నారు. ఇంటికి 5 కిలోవాట్లే హద్దు. ఉన్నది వందమంది చిల్లర. పంచుకు బతకడం వాళ్ళకు చేతనైంది. నీ నెమ్మది ఊరికే వచ్చింది కాదు, వాళ్ళు కొని తెచ్చుకున్నది.

స్కాట్లాండ్‌లో 2003 నాటి భూసంస్కరణ చట్టం బాధ్యతగా మసలుకునే ఎవరికైనా ఆరుబయట గుడారం వేసుకునే హక్కునిచ్చింది. వెళ్ళేవాళ్ళు ముఖానికి వల పట్టుకెళ్ళండి, పశువుల గేట్లు తెరిస్తే మళ్ళీ మూయండి, మీ చెత్త మీరే మోసుకు రండి.