కొలిచి చెప్పినవాళ్లు

కరీంనగర్‌లో కంప్యూటర్ కొందామని పోతే షాపాయన "గిదే మస్తుంటది, తీస్కో అన్నా" అంటాడు. ఎందుకని అడిగితే జవాబుండదు. ఆ జవాబు రాసిపెట్టిన చోట్లలో ఆనంద్‌టెక్ ఒకటి. 1997లో ఆనంద్ లాల్ షింపీ అనే 14 ఏళ్ల పిల్లగాడు మొదలుపెట్టిన ఆ సైటు 2024 ఆగస్టు 30న ఆగిపోయింది.

ప్రాసెసర్ లోపలి అమరిక నుంచి అది తాగే కరెంటు దాకా పేజీల కొద్దీ రాసేవాళ్లు. ఏ పరీక్ష ఎట్ల చేశారో చెప్పేవాళ్లు కనుక, తప్పని వాదించే వీలు మనకుండేది. మంచి విమర్శ లక్షణం అదే. పుస్తక సమీక్షల్లో "అద్భుతం" అని చేతులు దులుపుకునే మనం నేర్చుకోవాల్సిందీ అదే.

తర్వాత చూసేవాళ్లు, వాళ్ల వెంటే ప్రకటనల డబ్బు, వీడియోలవైపు పోయాయి. ఇప్పుడు ఆదిలాబాద్ పిల్లలు ర్యామ్ గురించి తెలుగులోనే వింటున్నారు. ఇది చిన్న లాభం కాదు; ఆనంద్‌టెక్ ఎన్నడూ ఇంగ్లిష్ గడప దాటలేదు. కానీ చాలా వీడియోల్లో డబ్బా విప్పుడే సంబరం. గ్రాఫు రెండు సెకన్లు మెరిసి మాయమైతది. భాష దగ్గరైంది, కొలత దూరమైంది. మళ్లీ ఆ షాపాయన మాటే వినిపిస్తున్నది, లైటింగ్ మాత్రం బాగుంటున్నది.