గొట్టంలో మసి

కొత్త రివాల్వర్ బ్యారెల్లో మసి ఉండాలి. లేకపోతేనే అనుమానించాలి. ఈ మాట చెబితే తుపాకీ కొన్న ఆనందంలో ఉన్నవాళ్లెవరూ నమ్మరు. మొన్నామధ్య రాజమహేంద్రవరం నుంచి వచ్చిన జీడిపప్పు వ్యాపారి కూడా నమ్మలేదు. లైసెన్సు కోసం చెప్పులరిగేలా తిరిగి, చివరికి కాన్పూర్ ఫ్యాక్టరీ .32 రివాల్వర్ కొనుక్కున్నారాయన. మారేడుమిల్లిలో సరుకు చూసే పని పెట్టుకుని, పనిలో పనిగా మా ఇంటికొచ్చారు. నేను ఆర్ముడ్ రిజర్వ్‌లో ఆర్మరర్‌గా చేసి రిటైరైన మనిషినని ఎవరో చెప్పారట. కుర్చీలో కూర్చోకముందే, "వాడేసిన దాన్ని అంటగట్టారండీ! కావాలంటే మీరే చూడండి" అన్నారు.

చూడటానికి ముందు చేసే పని ఒకటుంది. మూతి మనుషుల వైపు లేకుండా పట్టుకుని, తెరిచి, ఆరు ఛాంబర్లూ ఖాళీవేనని కంటితో చూడాలి, వేలితో తడమాలి. ఖాళీయేనండీ అని యజమాని ఒట్టేసినా సరే. కాన్పూర్ .32 పాత వెబ్లీ రివాల్వర్ల వంశం. నడుం దగ్గర విరిచి తెరిచే రకం కాబట్టి ఈ పని సులువు. ఆ తర్వాత బొటనవేలి గోరు మీద వెలుతురు పడనిచ్చి, దాన్ని వెనక వైపు అడ్డం పెట్టి, మూతిలోంచి లోపలికి చూస్తే గాడులు మెలికలు తిరుగుతూ కనిపిస్తాయి. టార్చి కంటే గోరే నయం. టార్చి కళ్లకు మిరుమిట్లు గొలుపుతుంది కానీ మరకను చూపించదు.

ఆయన చెప్పింది నిజమే. గొట్టం నిండా నల్లటి పూత. సిలిండర్ ముందు ముఖం మీద ఆరు ఛాంబర్ల చుట్టూ ఆరు బూడిదరంగు వలయాలు. గాడుల మొదట్లో జిగటగా కాఫీ డికాక్షన్ రంగు నూనె. "చూశారా?" అన్నారు. చూశాను. అది వాడకం కాదు, పరీక్ష.

ఫ్యాక్టరీ గేటు దాటక ముందే ప్రతి తుపాకీనీ కాల్చి చూస్తారు. మామూలు తూటా పుట్టించే ఒత్తిడికి మించిన ఒత్తిడి పుట్టించే తూటా పెట్టి, ఛాంబర్ తట్టుకుంటుందా, బ్యారెల్ ఉబ్బుతుందా అని చూస్తారు. దాన్నే ప్రూఫ్ టెస్ట్ అంటారు. నెగ్గితే ఇనుము మీద ముద్ర పడుతుంది. రివాల్వర్‌లో ఆరు ఛాంబర్లుంటే ఆరింటినీ పరీక్షించాలి, కాబట్టి ఆరు వలయాలూ ఉండాల్సిందే. తర్వాత పైపైన తుడిచి, గోదాముల్లో తుప్పు పట్టకుండా చిక్కటి నూనె పట్టించి పంపిస్తారు. మిగిలిన మసి ఆ నూనెలో నాని, నెలల తరబడి అక్కడే ఉంటుంది. మీ కంటే ముందు దాన్ని పేల్చినవాడు మీ మేలు కోసమే పేల్చాడండీ అన్నాను. నవ్వారు గానీ, ముఖంలో శంక పోలేదు.

శంక తీర్చేది చిందీ. పోలీసులకూ ఎన్‌సీసీ పిల్లలకూ ఈ మాట తెలుసు. గొట్టంలోంచి లాగే గుడ్డముక్క. రైఫిల్‌కైతే పుల్ త్రూ తాడుకు కట్టి లాగుతాం, రివాల్వర్‌కు పొట్టి రాడ్ చాలు. నా వృత్తిలో నేను నేర్చుకున్న అసలు విద్య తుడవడం కాదు. తుడవడం ఎవరికైనా వస్తుంది. తుడిచిన గుడ్డను పారేయకుండా చూడటమే విద్య.

మొదటి చిందీ పొడిదై ఉండాలి. చాలామంది ముందే నూనె పోసేస్తారు, దాంతో అన్ని రంగులూ కలిసిపోయి ఏమీ తెలియదు. పొడి గుడ్డకు వచ్చిన మెత్తటి నలుపు కాలిన తుపాకీమందు మసి. దానికి భయపడక్కర్లేదు. సన్నటి రేకుల్లాంటి పలుకులు వస్తే కాలకుండా మిగిలిన మందు. బ్యారెల్ పొట్టి కదా, మందంతా కాలే లోపే గుండు బయటపడుతుంది. తేనెరంగు జిడ్డు ఫ్యాక్టరీ నూనె. వెండిలా మెరిసే చారలు గాడులకు అంటుకుని బ్రష్ వేస్తే గానీ రాకపోతే అది సీసం. ఈ .32కి వాడేది ఎక్కువగా రాగి తొడుగు లేని సీసపు గుండు. సిలిండర్‌లోంచి బ్యారెల్లోకి దూకేటప్పుడు గొట్టం మొదట్లో ఒరుసుకుని కొంత అక్కడే రాలిపోతుంది. సీసం విషం, కాబట్టి ఈ పని వంటింటి గట్టు మీద చేయకూడదు, చేతులు కడక్కుండా ఏదీ నోట పెట్టకూడదు.

నీలం కలిసిన ఆకుపచ్చ కనిపిస్తే రాగి అంటారు. నిజమే, కానీ ఒక్కోసారి అది అబద్ధం. అమోనియా ఉన్న సాల్వెంట్ వేసి కంచు బ్రష్‌తో రుద్దితే, ఆ మందు బ్రష్‌నే కొద్దికొద్దిగా కరిగించి గుడ్డకు పచ్చరంగు ఎక్కిస్తుంది. బ్యారెల్ శుభ్రంగా ఉన్నా పచ్చ వస్తూనే ఉంటుంది. కుర్రాళ్లు మధ్యాహ్నం దాకా రుద్దుతూ కూర్చునేవారు, బ్యారెల్ మురికి కాదు బ్రష్ మురికి అని తెలియక. బ్రష్‌ను కడిగేసి, వట్టి గుడ్డతో మళ్లీ చూస్తే నిజం బయటపడుతుంది.

అన్నిటికంటే నేను భయపడే రంగు ఎరుపు. ఇటుకపొడి లాంటి ఎరుపు గుడ్డకంటితే తుప్పు మొదలైందన్నమాట. మసి, సీసం, రాగి పైన పట్టినవి, తీస్తే పోతాయి. తుప్పు మాత్రం ఉక్కునే తినేస్తుంది. అది చేసిన గుంటను ఏ సాల్వెంటూ పూడ్చలేదు.

వ్యాపారిగారి గుడ్డకు ఎరుపు రాలేదు. నలుపు, తేనెరంగు, గాడుల మొదట్లో కాస్త వెండి చార. అంతే. సిలిండర్ మీది వలయాలు కూడా తీసేయమన్నారు. తీయనన్నాను. అద్దంలా మెరవాలని గరుకు కాగితంతో రుద్ది, ఫ్యాక్టరీ వేసిన నల్లపూత లేపేసుకున్న రివాల్వర్లు చాలా చూశాను. మొదటి తూటాతో ఆ వలయం మళ్లీ వస్తుంది, పూత మాత్రం రాదు.

ఈ మారేడుమిల్లి కొండల్లో మసి గురించి తెలిసినవాళ్లు నాకంటే ముందే ఉన్నారు. మూతిలోంచి మందు కూరే నాటు తుపాకులు కొండరెడ్ల ఇళ్లల్లో ఒకప్పుడు మామూలు. అందులో వాడే నల్ల తుపాకీమందు కాలితే సగానికి పైగా బరువు ఘనపదార్థంగానే మిగులుతుంది. అందుకే అంత పొగ, అంత మసి. ఆ మసిలో పొటాషియం లవణాలుంటాయి, గాలిలోని తేమను పీల్చుకుంటాయి. నీళ్లు తగిలితే కుళ్లిన గుడ్డు వాసన కొడుతుంది, అది గంధకం తాలూకు వాసన. దీనికి నూనె పనికిరాదు, వేడినీళ్లే మందు. కడిగి, ఆరబెట్టి, అప్పుడు నూనె పట్టించాలి. ఇక్కడి పెద్దవాళ్లకు రసాయన శాస్త్రం పేరు తెలియకపోయినా ఈ వరుస తెలుసు. ఇనుముకు నీళ్లు తగలకూడదని మాత్రమే నేర్చుకున్న నాలాంటి స్టోరు మనుషులకు ఇది మొదట మింగుడుపడదు. (లైసెన్సు లేని నాటు తుపాకీ 1959 ఆయుధాల చట్టం కింద నేరం, దానితో వేట 1972 వన్యప్రాణి చట్టం కింద మరో నేరం. ఆ విద్యను మెచ్చుకుంటే ఈ పనిని మెచ్చుకున్నట్టు కాదు.)

1884లో ఫ్రాన్సులో పొగలేని మందు వచ్చింది, 1889లో బ్రిటన్‌లో కార్డైట్ వచ్చింది. మసి తగ్గింది, కానీ ఉప్పు పోలేదు. ఆ కాలపు .303 రైఫిల్ తూటా అడుగున, మందును అంటించే క్యాప్‌లో పొటాషియం క్లోరేట్ ఉండేది. పేలాక అది పొటాషియం క్లోరైడ్ అవుతుంది, అంటే మన వంటింటి ఉప్పుకు దాయాది. నూనెలో కరగదు. అందుకే బ్రిటిష్ సైనికులు కాల్పులయ్యాక గొట్టంలో గరాటు పెట్టి మరిగే నీళ్లు పోసేవారు. ఈ మన్యంలోనే 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి అల్లూరి సీతారామరాజు దళం 26 తుపాకులూ 2,500కు పైగా తూటాలూ పట్టుకెళ్లింది. నడి వానాకాలం. ఆ రోజులు తలచుకున్నప్పుడల్లా అందరికీ దాడి గుర్తొస్తే, నాకు ఆ తుపాకుల గొట్టాలు గుర్తొస్తాయి. ఈ అడవిలో వానకు తడుస్తూ తుపాకీని నెలల తరబడి పని చేయించడమంటే ఏమిటో నాకు తెలుసు. అది గురి కంటే కష్టం.

ఇంకో మాట. ఏదైనా ఘటనలో పేలిన తుపాకీని తుడవకూడదు. స్టేషన్‌లో మాకు మొదట నూరిపోసింది ఇదే. క్యాప్ మందులోంచి వచ్చే సీసం, బేరియం, యాంటిమనీ మూడూ కలిసిన సూక్ష్మ రేణువులను ఫోరెన్సిక్ ల్యాబ్‌లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో వెతుకుతారు. గొట్టంలోని మసి, గుండు మీది గాడుల గీతలు కోర్టులో మాట్లాడతాయి. శుభ్రత పేరుతో వాటి నోరు నొక్కితే సాక్ష్యం చెరిపినట్టే.

మామూలు రోజుల్లో మాత్రం తుడవాలి, అదీ పేల్చిన రోజే. రాడ్ వేసేటప్పుడు మూతి అంచు ఒరుసుకోకుండా చూసుకోవాలి, గుండు చివరిసారి తాకి వెళ్లేది ఆ అంచునే. నూనె పల్చగా రాయాలి. ఛాంబర్లలో నూనె నిలిస్తే తూటా క్యాప్‌లోకి చేరి అది పేలకుండా పోవచ్చు. కొబ్బరినూనె అసలు వద్దు, కొన్నాళ్లకు జిగురై కూర్చుంటుంది. తోలు ఒరలో పెట్టి బీరువాలో దాచొద్దు. తోలు తేమను పట్టుకుంటుంది, తోలును పదును చేయడానికి వాడిన లవణాలు ఉక్కును కొరుకుతాయి. జూలై వచ్చిందంటే మారేడుమిల్లిలో ఉతికిన బట్ట రెండు రోజులైనా ఆరదు. ఇక ఒరలో ఉన్న ఉక్కు సంగతి చెప్పక్కర్లేదు.

లైసెన్సుదారులకు చివరగా ఒక విన్నపం. ఎన్నికలొస్తే ఆయుధాలు స్టేషన్లో అప్పగించమంటారు, మళ్లీ చేతికొచ్చేసరికి వారాలు గడుస్తాయి. ఇచ్చే ముందు తుడిచి, పల్చగా నూనె రాసి, ఒర తీసేసి ఇవ్వండి. తీసుకునేటప్పుడు రసీదు మీద సంతకం పెట్టడానికి ముందే, అక్కడే, పొడి చిందీ ఒకటి లాగి చూడండి. ఎరుపు కనిపిస్తే ఇంటికెళ్లి మీరే రుద్దుకోకుండా నేరుగా ఆర్మరర్ దగ్గరికి తీసుకెళ్లండి.