‘మనోళ్ళు’ అనే మాటకి స్పాన్సర్ ఎవరు?

2023 దసరాకి వెంకటాచలం వెళ్ళినప్పుడు నాన్న బండి వెనక టైరు పూర్తిగా అరిగిపోయి ఉంది. హైవే పక్కన ఉన్న షాపుకి తీసుకెళ్ళాను.

“ఏ కంపెనీది వెయ్యమంటావన్నా?” అన్నాడు షాపులో అబ్బాయి.

“టీవీఎస్ యూరోగ్రిప్ ఉందా?” అన్నాను. టైర్ల గురించి నాకేమీ తెలీదు. సొంత బండి కూడా లేదు. చెన్నైలో ఆఫీసు బస్సు, లేకపోతే మెట్రో.

“అదే ఎందుకన్నా?” అన్నాడతను మామూలుగా.

“మనదే గదా” అన్నాను.

ఇంటికొచ్చాక ఆలోచించాను, అది మనది ఎప్పుడైంది? ఆ ఏడాది మే నెలలో నేను కొన్న చెన్నై సూపర్ కింగ్స్ పసుపు జెర్సీ గుండెల మీద ఆ పేరుంది. అంతకుమించి మా ఇద్దరికీ చుట్టరికం లేదు.

ఈ వ్యాసం ఆ ‘మన’ గురించి. దీనికోసం నేను చదివినవి కథలూ కవిత్వమూ కాదు. ఆటల అభిమానుల మీద మనస్తత్వ శాస్త్రవేత్తలు, మార్కెటింగ్ ప్రొఫెసర్లు రాసిన పరిశోధనా పత్రాలు. వాటిని కూడా సాహిత్యం చదివినట్టే చదవొచ్చు. వాటిలోనూ ఒక కథకుడుంటాడు, పాత్రలుంటాయి, చెప్పకుండా వదిలేసిన సంగతులుంటాయి.

వీటన్నిటికీ ఆదికావ్యం లాంటిది రాబర్ట్ చాల్డీనీ, ఆయన సహచరులు 1976లో అచ్చువేసిన పేపర్. 1973లో అమెరికాలో ఏడు యూనివర్సిటీల్లో, ఫుట్‌బాల్ మ్యాచ్ అయిన తర్వాత వచ్చే సోమవారం, క్లాసుకి ఎంతమంది కాలేజీ పేరున్న బట్టలు వేసుకొచ్చారో లెక్కపెట్టారు. గెలిచిన వారాల్లో ఎక్కువమంది వేసుకొచ్చారు. ఇది ఎవరైనా ఊహించగలిగేదే. అసలు విషయం రెండో ప్రయోగంలో ఉంది. విద్యార్థులకి ఫోన్ చేసి చిన్న పరీక్ష పెట్టారు. జవాబులతో సంబంధం లేకుండా కొందరికి బాగా రాశావన్నారు, కొందరికి తప్పావన్నారు. తర్వాత తమ కాలేజీ ఆడిన ఒక మ్యాచ్ గురించి చెప్పమన్నారు. ఓడిన మ్యాచ్ కన్నా గెలిచిన మ్యాచ్ గురించి చెప్పేటప్పుడు ‘మేం గెలిచాం’ అనేవాళ్ళు ఎక్కువ. ఈ తేడా, ‘పరీక్ష తప్పావు’ అనిపించుకున్న వాళ్ళలో ఇంకా స్పష్టంగా కనిపించింది. అంటే ఒంట్లో వేడి తగ్గినవాడే పక్కవాడి మంట దగ్గర చలి కాచుకుంటాడు.

ఇది చదివినప్పుడు సిగ్గేసింది. నేను ఆ జెర్సీ కొన్న మే నెలలో మా ప్రాజెక్టు మూసేశారు. బెంచ్ మీద ఉన్నాను. రోజూ ఆఫీసుకెళ్ళి, ఎవరూ చూడని ట్రైనింగ్ వీడియోలు చూసి ఇంటికొచ్చేవాణ్ణి. ఫైనల్లో చివరి రెండు బంతులకి పది పరుగులు కావాలి. జడేజా ఒక సిక్సు, ఒక ఫోరు కొట్టాడు. అర్ధరాత్రి దాటాక, ‘మనం గెలిచాం’ అని పన్నెండుమందికి మెసేజ్ పెట్టాను. తెల్లారి జెర్సీ ఆర్డర్ చేశాను. యాభై ఏళ్ళ కిందటి పేపర్లో పేరు లేని ఒక విద్యార్థిని నేనే.

2025లో అదే టీమ్ పాయింట్ల పట్టికలో అట్టడుగున ఆగింది. అప్పటికి నాకు మంచి ప్రాజెక్టు ఉంది. ‘చెన్నై పనైపోయింది’ అన్నాను ఆఫీసులో. ఈ తప్పుకోవడం గురించి కూడా పేపర్లున్నాయి.

ఇంతవరకూ చాల్డీనీతో నాకు పేచీ లేదు. పేచీ సర్వనామాల దగ్గర మొదలవుతుంది. ఇంగ్లీషులో ఉన్నది ఒక్కటే ‘మనం’, దానికి ఎదురుగా ఒక ‘వాళ్ళు’. రెండే డబ్బాలు. మనకి ‘మేము’, ‘మనము’ వేరు. వినేవాణ్ణి బయటపెడితే మేము, లోపలికి తీసుకుంటే మనం. ఆఫీసులో బెంగళూరు అభిమాని ముందు ‘మేం గెలిచాం’ అంటాను. ఇండియా గెలిస్తే అట్లా ఎవరితోనూ అనలేను, ‘మనం గెలిచాం’ అనే అనాలి. వీటికి తోడు ‘మనోళ్ళు’ ఉండనే ఉంది. మన, వాళ్ళు, రెండూ ఒకే మాటలో. ‘మనోళ్ళు గెలిచారు’ అనొచ్చు, ‘మనోళ్ళు చెత్తగా ఆడారు’ అని తిట్టనూ వచ్చు. తిట్టినా మనోళ్ళే. ఓడగానే ‘వాళ్ళు’ అనేసి పారిపోనక్కర్లేని చోటు అది. మా నాన్న నలభై ఏళ్ళుగా అక్కడే ఉన్నాడు. చాల్డీనీ ఆయనకి ఫోన్ చేసుంటే ఏ డబ్బాలో వెయ్యాలో తెలిసేది కాదు. (ప్రాచీన తెలుగు విశిష్ట అధ్యయన కేంద్రం మైసూరు నుంచి మా ఊరికే వచ్చింది. దాని గేటు ముందు నుంచి వెళ్తున్నప్పుడే ఈ సంగతి తట్టింది. ఆ కేంద్రం నాకు చేసిన మేలు ప్రస్తుతానికి ఇంతే.)

అసలు మాలాంటి వాళ్ళకి ‘మన’ టీమ్ ఏది? వెంకటాచలం నుంచి చెన్నై దగ్గర, హైదరాబాద్ దూరం. 1953 దాకా నెల్లూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది. అయినా 2009లో, ఇంజనీరింగ్ హాస్టల్లో, నేను దక్కన్ చార్జర్స్ మనిషిని. ముందు ఏడాది ఆఖర్న నిలిచిన టీమ్, గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో దక్షిణాఫ్రికాలో కప్పు కొట్టింది. మూడేళ్ళు తిరక్కుండా యజమాని అప్పుల్లో పడ్డాడు. 2012 సెప్టెంబర్లో బోర్డు ఫ్రాంచైజీని రద్దు చేసింది. అదే ఏడాది చెన్నైకి చెందిన సన్ టీవీ, ఏడాదికి 85.05 కోట్లు ఇస్తానని హైదరాబాద్ టీమ్‌ని తీసుకుంది. పేరు, రంగు, గుర్తు అన్నీ మారాయి. అటుపక్క నా పసుపు జెర్సీ టీమ్‌ని మొదట కొన్నది ఇండియా సిమెంట్స్, దాని ఫ్యాక్టరీలేమో మన కడప జిల్లాలోనూ ఉన్నాయి. ఎవరిది ఎక్కడో!

అభిమాని ఎంత గట్టివాడో కొలవడానికి వాన్, బ్రాన్స్‌కూంబ్ అనే ఇద్దరు 1993లో ఏడు ప్రశ్నల కొలబద్ద తయారుచేశారు. ఒక్కో ప్రశ్నకీ ఒకటి నుంచి ఎనిమిది దాకా మార్కులు. టీమ్ గెలవడం నీకెంత ముఖ్యం, ప్రత్యర్థులంటే నీకెంత అయిష్టం, ఇలా ఉంటాయి. మంచి కొలబద్దే, ఇప్పటికీ వాడుతున్నారు. కానీ ఆ ఏడు ప్రశ్నలూ అభిమానినే అడుగుతాయి. అభిమానిని వదిలేసి వెళ్ళిపోయిన టీమ్‌కి ఎన్ని మార్కులో అడిగే ప్రశ్న అందులో లేదు. నా హాస్టల్ నాటి చార్జర్స్ టీషర్టు ఇప్పుడు వెంకటాచలంలో బండి తుడిచే గుడ్డ.

స్పాన్సర్ల మీద పరిశోధనకొస్తే ఈ వాలు ఇంకా కనబడుతుంది. జోహర్, ఫామ్ 1999లో రాసిన పేపర్ నాకు బాగా నచ్చింది. జనానికి స్పాన్సర్ ఎవరో నిజంగా గుర్తుండదట. ఆటకి దగ్గరగా అనిపించే, మార్కెట్లో పెద్దగా కనిపించే కంపెనీ అయ్యుంటుందని ఊహించేస్తారట. 1996 విల్స్ వరల్డ్ కప్‌లో అధికారిక డ్రింక్ కోకా కోలా. అందులో అధికారికమేముంది అని వెక్కిరిస్తూ ప్రకటనలు గుప్పించింది పెప్సీ. మా తరంలో చాలామందికి గుర్తున్నది పెప్సీయే. పేపర్ చెప్పేది నిజమే. కానీ ఈ పేపర్లలో మళ్ళీమళ్ళీ కొలిచేవి మూడే: పేరు గుర్తుందా, పేరు మీద ఇష్టం పెరిగిందా, కొనాలనిపించిందా. కథకుడు స్పాన్సర్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని మ్యాచ్ బదులు జనాన్ని చూస్తున్నాడు. మేం కట్టే డాష్‌బోర్డులూ అంతే, నేనూ ఆ కుర్చీలో కూర్చుని జీతం తీసుకునేవాణ్ణే. అందుకే గుర్తుపట్టగలిగాను.

ఈ మూడు ప్రశ్నలకి అందని ఉదాహరణ మన రెండు రాష్ట్రాల్లోనే ఉంది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2023 జులై నుంచి 2025 ఆగస్టు దాకా ఇండియా జెర్సీ మీద డ్రీమ్ ఎలెవెన్ పేరుంది. ఆ కంపెనీ మన రాష్ట్రాల వాళ్ళని డబ్బు పోటీల్లోకి తీసుకునేది కాదు. అంటే రెండేళ్ళు ‘మనోళ్ళ’ గుండెల మీద ఉన్న పిలుపు మనకి కాదు. జెర్సీ మాత్రం మనదే, కేకలు మనవే. కొనాలనిపించిందా అనే గడిలో మా ఊరికి సున్నా వేసి పరిశోధకుడు ముందుకెళ్ళిపోతాడు. నాకు అక్కడే ఆగాలనిపిస్తుంది. ఒక మాట పదేపదే కంటబడితే చాలు, ఇష్టం పెరుగుతుందని జాయాన్స్ 1968లోనే చూపించాడు. తలుపు మూసిన అంగడి బోర్డుని మా ఊరి పిల్లలు రెండేళ్ళు చదువుతూనే ఉన్నారు.

స్పాన్సర్‌షిప్ అంతా మోసం అనడం లేదు. సంక్రాంతికి మా వైపు ఊళ్ళలో టోర్నమెంట్లు జరిగేదీ దాతల డబ్బుతోనే. ఫ్లెక్సీ మీద మొదటి బహుమతి ఫలానావారు అని ఫొటోతో సహా ఉంటుంది. ఆయన బౌండరీ పక్కన కుర్చీలో కూర్చుంటాడు. ఆయనకీ లెక్కలుంటాయి, రేపు ఎన్నికల్లో నిలబడొచ్చు. కానీ ఆయన ‘మేం ఇస్తున్నాం’ అంటాడు. ఎవరిస్తున్నారో, ఎవరు తీసుకుంటున్నారో తెలుస్తుంది, బాకీ కూడా తెలుస్తుంది. జెర్సీ మీద పేరు ‘మేము’ అనదు. ‘మన’లోకి నడిచొచ్చి నిలబడుతుంది. టైర్ల షాపులో నా నోట్లోంచి వచ్చింది అదే.

2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన చట్టంతో డ్రీమ్ ఎలెవెన్ తప్పుకుంది. అపోలో టైర్స్ వచ్చేలోపు జరిగిన ఆసియా కప్‌ని ఇండియా స్పాన్సర్ పేరు లేని జెర్సీతోనే ఆడింది. ఫైనల్ రోజు, సెప్టెంబర్ 28న, దసరా సెలవులకి ఇంట్లోనే ఉన్నాను. గెలిచాం. నాన్న టీవీ సౌండ్ తగ్గిస్తూ “మనోళ్ళు కొట్టార్రా” అన్నాడు.

“జెర్సీ మీద ఎవరి పేరూ లేదు, చూశావా నాన్నా?” అన్నాను.

ఆయన టీవీ వైపు మళ్ళీ ఒకసారి చూశాడు.

“ఇంతకుముందు ఉండిందా?” అన్నాడు.

బయట బండికి ఆ టైరే ఉంది. రెండేళ్ళైనా బాగానే నడుస్తోందట. ఏ కంపెనీదో ఆయనకి తెలీదు.