గట్టు మీద బెజ్జం

సముద్రపు గాలి తగిలే ఊళ్లో రేకు ఆయుష్షు తెలియాలంటే బోల్టు దిగిన చోటు చూడాలి. నిజాంపట్నం లాంటి రేవు ఊళ్లో తుప్పుకు దారి దొరికేది అక్కడే. జింకు పూత ఉన్న రేకును డ్రిల్లు తొలిచినప్పుడు లోపలి ఉక్కు బయటపడుతుంది. సన్నటి రేకైతే పక్కనున్న జింకు తాను అరిగిపోతూ ఆ అంచును కొన్నాళ్లు కాపాడుతుంది. ఉప్పు తేమ ఆరని చోట ఆ కొన్నాళ్లూ తొందరగా అయిపోతాయి. రేకు పనిలో అన్నిటికన్నా ముందు ఆలోచించాల్సింది బెజ్జం గురించేనని నా గట్టి నమ్మకం.

కప్పు వేసే పనివాళ్ల పద్ధతి చూడండి. ముడతల రేకులో గట్టు ఉంటుంది, కాలువ ఉంటుంది. బెజ్జం గట్టు మీదే వేస్తారు. వాననీళ్లు పారే కాలువలో బోల్టు బిగిస్తే, వాషరు ఎంత మంచిదైనా ఏదో ఒక ఏడు ఇంట్లోకి చుక్క దిగుతుంది. గట్టు మీది బెజ్జంలోంచి జె బోల్టు దించి, కింద రేకును మోసే అడ్డకమ్మీకి (పర్లిన్‌కు) కొక్కెంలా తగిలించి, పైన తారు వాషరు, దాని మీద ఇనుప వాషరు పెట్టి నట్టు బిగిస్తారు. ఆ బిగింపు దగ్గరే పనితనం బయటపడుతుంది. ఎక్కువైతే గట్టు నొక్కుకుపోయి, వాషరు చుట్టూ నీళ్లు నిలుస్తాయి. తక్కువైతే గాలికి రేకు దడదడలాడుతుంది. బెజ్జం బోల్టు కన్నా కాస్త వదులుగానూ ఉండాలి. ఆరు మీటర్ల ఉక్కు రేకు తెల్లవారుజాము చల్లదనం నుంచి నడి ఎండకు 40 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 3 మిల్లీమీటర్లు సాగుతుంది. ఆ సాగుడుకు చోటు లేకపోతే బోల్టు ఒరుసుకుని బెజ్జం కోలగా పెరుగుతుంది.

అన్నిటికన్నా ప్రమాదం ఆ దడదడే. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన తుపాను, 1990 మే నెలలో కృష్ణ కడలిలో కలిసే చోట విరుచుకుపడ్డ తుపాను, 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్... ఈ తీరానికి గాలి సంగతి కొత్త కాదు. పెనుగాలి కప్పును పైకి పీలుస్తుంది. లాగుతుంది, వదులుతుంది, మళ్లీ లాగుతుంది, గంటల తరబడి. 1974 క్రిస్మస్ వేళ ఆస్ట్రేలియాలో ట్రేసీ తుపాను డార్విన్ నగరాన్ని నేలమట్టం చేసింది. కప్పులు ఎందుకు లేచిపోయాయని ఇంజినీర్లు వెతికితే, బిగింపు బెజ్జాల చుట్టూ రేకు పగిలి కనిపించింది. ఒక్క లాగుడుకు నిలిచే రేకు వేల లాగుళ్లకు అలసిపోయి చిరిగింది. ఆ తర్వాతే అక్కడ కప్పు రేకులను పదే పదే లాగి వదిలి పరీక్షించడం మొదలైంది.

బెజ్జం దగ్గరే ఎందుకు పగలాలన్నదానికి లెక్క అంతకు చాలా ముందే తేలింది. 1898లో జర్మన్ ఇంజినీరు కిర్ష్ చూపించాడు: వెడల్పాటి పలకను ఒకవైపు లాగితే, గుండ్రటి రంధ్రం అంచున ప్రతిబలం మిగతా పలకలో ఉన్నదానికి మూడు రెట్లవుతుంది. రంధ్రం చిన్నదైనా అంతే, పెద్దదైనా అంతే. ఇక ఆ అంచు మొద్దు డ్రిల్లుతో గరుకుగా చిరిగి ఉంటే పగులుకు తొలి అడుగు మనమే వేసి ఇచ్చినట్టు. బెజ్జం వేశాక ఆకురాయితో ఒకసారి తిప్పి అంచు నునుపు చేసే పనివాడు, కిర్ష్ పేరు వినకపోయినా, ఆ లెక్కను చేతిలో పెట్టుకున్నవాడే.

కప్పు దాటి చూస్తే, ఇప్పుడు రేకు పని కంప్యూటరు తెర మీద మొదలవుతోంది. బొమ్మలు గీసే క్యాడ్ సాఫ్ట్‌వేరులో హోల్ ఫీచరు నొక్కి, ఎమ్6 బోల్టు అని ఎంచుకుంటే, వదులు రంధ్రానికి 6.6 మిల్లీమీటర్లు, మర కోసే రంధ్రానికి 5 మిల్లీమీటర్లు అదే ఇస్తుంది. ఊరికే వృత్తం గీసి కోసినా తెర మీద అలాగే కనిపిస్తుంది కానీ, అది దేనికోసమో ఆ ఫైలుకు తెలియదు. రేపు బోల్టు మారితే ఎవరో ఒకరు అన్ని వృత్తాలూ వెతుక్కోవాలి.

తెర చెప్పనిది మడత సంగతి. రేకును చదునుగా ఉన్నప్పుడే కోస్తారు, తర్వాత వంచుతారు. రంధ్రం మడతకు మరీ దగ్గరైతే వంగేటప్పుడు గుండ్రం కాస్తా కోలగా సాగుతుంది. అందుకే లోపలి వంపు వ్యాసార్థానికి మందం రెండున్నర రెట్లు కలిపి, కనీసం అంత దూరం ఉంచుతారు. 2 మిల్లీమీటర్ల రేకును 2 మిల్లీమీటర్ల వ్యాసార్థంతో వంచితే, లోపలి గోడ నుంచి రంధ్రం అంచు దాకా 7 మిల్లీమీటర్లు. పంచ్‌తో కొట్టేటప్పుడు రంధ్రం రేకు మందం కన్నా సన్నమైతే పంచే విరగొచ్చు. మర విషయంలో ఇంకో చిక్కు: ఎమ్6 మరకు చుట్టు చుట్టుకూ 1 మిల్లీమీటరు. 1.2 మిల్లీమీటర్ల రేకులో ఒక్క చుట్టే పడుతుంది, అది దేన్నీ పట్టి ఉంచదు. అప్పుడు రంధ్రం అంచును కిందికి లాగి చిన్న గొట్టంలా చేసి అందులో మర కోస్తారు. ఉన్న లోహంతోనే లోతు పుట్టించే ఈ ఉపాయం నాకెంతో ఇష్టం.

బాపట్ల, తెనాలి, రేపల్లె పిల్లలకు క్యాడ్ నేర్పేటప్పుడు తొలి వారమే ఒక రేకు ముక్క, సెంటర్ పంచ్, సుత్తి చేతికిచ్చి, మడత పక్కనే బెజ్జం వేయించి వంచమనాలి. తీరం కోసం గీసే ప్రతి బొమ్మ మీదా రెండు మాటలు రాయడం కూడా అప్పుడే నేర్పాలి. వీలైన చోటల్లా జింకు పూతకు ముందే రంధ్రాలు వెయ్యాలి, పూత మందం మేరకు వాటిని కాస్త పెద్దవి చెయ్యాలి. లోపల బోలుగా ఉన్న గొట్టాలకైతే గాలి పోవడానికీ, కరిగిన జింకు కారడానికీ రంధ్రాలు తప్పక ఉంచాలి. అవి లేని గొట్టాన్ని 450 డిగ్రీల జింకు తొట్టిలో ముంచితే లోపలి తేమ ఆవిరై అది పేలిపోగలదు.